కాలు బెణికితే నూనె సీసా తీయకముందు చూసుకోవలసినవి

ఆదివారం పొద్దున మన పిల్లలు మైదానాల్లోనే ఉంటారు. హోసూరులో క్రికెట్ అయినా, బరంపురంలో కబడ్డీ అయినా, షోలాపూరులో షటిల్ అయినా, యానాంలో వాలీబాల్ అయినా, ఆట ముగిసేసరికి ఎవరో ఒకరు కుంటుతూ ఇంటికి వస్తారు. అక్కడి నుంచి ఇంట్లో పెద్ద చర్చ మొదలవుతుంది. అమ్మమ్మ కొబ్బరి నూనెలో కర్పూరం వేసి వేడి చేస్తుంది. తాతయ్య పుత్తూరు కట్టు వేయిద్దామంటారు. పక్కింటివాళ్ళు ఒక్క గుంజు గుంజి సరిచేసే మనిషి ఉన్నాడని చెబుతారు. దెబ్బ తగిలిన అబ్బాయి ఫోన్‌లో చూసి ఐస్ అంటాడు.

ఇందులో ఎవరి మాట ఎప్పుడు వినాలి? చిన్న దెబ్బలకు ఇంట్లో చేసుకోదగినది చాలానే ఉంది. కానీ దానికి ఒక వరుస ఉంది. ముందు ఎముక సంగతి తేల్చుకోవాలి. తర్వాత మూడు రోజులు రుద్దకుండా కాపాడుకోవాలి. ఆ తర్వాత కదిలించాలి. మన ఇళ్ళలో జరిగే పొరపాట్లు ఎక్కువగా ఈ వరుస తారుమారైనప్పుడే జరుగుతాయి. అందుకే అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే చీలమండ బెణుకును ఉదాహరణగా తీసుకుని ఆ వరుసను ఇక్కడ వివరిస్తున్నాం.

లోపల ఏం జరుగుతుంది?

ఎముకను ఎముకతో కట్టి ఉంచే గట్టి పట్టీలను లిగమెంట్లు అంటారు. పాదం లోపలివైపుకు మడతపడినప్పుడు చీలమండకు బయటివైపున్న లిగమెంట్ సాగుతుంది, లేదా కొంత చిరుగుతుంది. దీన్నే మనం బెణుకు అంటాం. అదే చిరుగు కండలో వస్తే కండ పట్టేసిందని, పిక్క లాగేసిందని అంటాం.

చిరిగిన చోట సన్నని రక్తనాళాలు తెగి, లోపల రక్తం, నీరు చేరతాయి. వాపు, వేడి, కమిలిన నీలిరంగు అందుకే వస్తాయి. చూడటానికి భయంగా ఉన్నా, ఆ వాపు శరీరం మొదలుపెట్టిన మరమ్మతులో భాగమే. దాన్ని పూర్తిగా అణచివేయాల్సిన పని లేదు, మితిమీరకుండా చూస్తే చాలు. ఈ సమయంలో గట్టిగా రుద్దినా, గుంజినా, కాపడం పెట్టినా అప్పుడప్పుడే మూసుకుంటున్న రక్తనాళాలు మళ్ళీ తెగుతాయి, వాపు పెరుగుతుంది.

మొదట నాలుగు అడుగులు, నాలుగు చోట్లు

ఎముక విరిగిందా, బెణికిందా అన్నది వాపును చూసి చెప్పలేం. పెద్ద వాపుతో బెణుకు ఉండవచ్చు, చిన్న వాపుతో ఎముక చిట్లి ఉండవచ్చు. "వేళ్ళు కదులుతున్నాయి కాబట్టి ఎముకకేం కాలేదు" అనే మాట మన ఇళ్ళలో తరచూ వినిపిస్తుంది. అది నిజం కాదు. ఎముక విరిగినా వేళ్ళు కదలవచ్చు.

దీనికి కెనడాలోని ఒట్టావా నగర వైద్యులు 1992లో ఒక పద్ధతి ప్రచురించారు. ఎవరికి ఎక్స్‌రే అవసరమో, ఎవరికి అక్కర్లేదో తేల్చడానికి చాలా దేశాల అత్యవసర విభాగాల్లో ఇప్పటికీ దాన్నే వాడుతున్నారు. డాక్టరు చేయవలసిన పరీక్షే అయినా, దాని సారం ఇంట్లో తెలిసి ఉంటే ఆలస్యం జరగదు.

మొదటిది నడక. దెబ్బ తగిలిన వెంటనే గానీ, కాసేపయ్యాక గానీ నాలుగు అడుగులు వేయగలిగారా? కుంటుతూ వేసినా వేసినట్టే లెక్క. ఏ ఆసరా లేకుండా నాలుగు అడుగులు అసలు వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి.

రెండోది నొక్కి చూడటం. ఎముక మీద వేలితో నొక్కి చూడవలసిన చోట్లు నాలుగు. చీలమండ బయటి గుబ్బ, లోపలి గుబ్బ, పాదం బయటి అంచు మధ్యలో చేతికి తగిలే బుడిపె, పాదం లోపలివైపు వంపు పైభాగంలో ఉండే ఎముక. గుబ్బల విషయంలో కొనను, వెనక అంచు వెంబడి పైకి 6 సెంటీమీటర్ల వరకు, అంటే సుమారు నాలుగు వేళ్ళ వెడల్పు మేర నొక్కి చూడాలి. ఈ నాలుగింటిలో ఎక్కడైనా సరిగ్గా ఎముక మీదే నొప్పి పుడితే ఎక్స్‌రే అవసరం. గుబ్బకు ముందున్న మెత్తని చోట మాత్రమే నొప్పి ఉండి, నాలుగు అడుగులు పడుతుంటే అది బెణుకు అయ్యే అవకాశమే ఎక్కువ.

ఈ పరీక్షను నమ్మకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి, మద్యం మత్తులో ఉన్నవారికి, మరీ చిన్నపిల్లలకు ఇది సరిపోదు. ఎదిగే పిల్లల ఎముకల చివర మెత్తని ఎదుగుదల పొర ఉంటుంది. కొన్నిసార్లు లిగమెంట్ కన్నా ముందు అదే దెబ్బతింటుంది. కాబట్టి పదిహేనేళ్ళలోపు పిల్లలకు ఎముక దగ్గర నొప్పి ఉంటే బెణుకే అనుకుని వదిలేయకండి.

మొదటి మూడు రోజులు

ఎముకకు దెబ్బ లేదనుకున్నాక ఇంట్లో చేయవలసినవి ఇవి.

ఆట వెంటనే ఆపాలి. "ఇంకొక్క ఓవరే" అని కొనసాగించడమే చిన్న బెణుకును పెద్దదిగా మార్చేది. ఒకటి నుంచి మూడు రోజులు ఆ కాలిపై బరువు తగ్గించాలి. మంచం దిగకుండా పడుకోమని కాదు. నొప్పి ఓర్చుకోగలిగినంత వరకు ఇంట్లో నడవవచ్చు.

కూర్చున్నా పడుకున్నా కాలిని దిండ్ల మీద గుండె కన్నా ఎత్తులో ఉంచాలి. కుర్చీలో కూర్చుని ఎదురుగా పీట మీద పెడితే ఆ ఎత్తు రాదు. పడుకుని కాలి కింద రెండు దిండ్లు పెట్టుకోవడం మేలు.

ఐస్ నొప్పిని తగ్గిస్తుంది. ఐస్ ముక్కలను ప్లాస్టిక్ కవర్లో వేసి, పలుచని తువ్వాలు చుట్టి, 10 నుంచి 20 నిమిషాలు పెట్టాలి. కావాలంటే రెండు గంటల ఎడంతో మళ్ళీ పెట్టవచ్చు. ఐస్‌ను నేరుగా చర్మానికి తాకించకూడదు, దాన్ని పెట్టుకుని నిద్రపోకూడదు. దీనిపై వైద్యుల్లోనే అభిప్రాయం మారుతూ వచ్చిందని కూడా తెలుసుకోవాలి. 1978లో విశ్రాంతి, ఐస్, కట్టు, ఎత్తు అనే సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్, ఐస్, పూర్తి విశ్రాంతి రెండూ కోలుకోవడాన్ని ఆలస్యం చేయవచ్చని 2014లో తానే రాశారు. కాబట్టి ఐస్‌ను నొప్పి మందులా కొద్దిసేపు వాడుకోవాలి. రోజంతా పెట్టినంత మాత్రాన త్వరగా నయం కాదు.

మందుల షాపులో దొరికే సాగే క్రేప్ బ్యాండేజీ చుట్టవచ్చు. వేళ్ళ మొదట్లో ప్రారంభించి పైకి, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు సగం వచ్చేలా చుట్టాలి. తర్వాత బొటనవేలి గోరు నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్ళీ ఎర్రబడాలి. ఎర్రబడకపోయినా, వేళ్ళు చల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పి వదులుగా చుట్టాలి. రాత్రి నిద్రకు ముందు తీసేయాలి.

ఈ మూడు రోజులూ చేయకూడనివి నాలుగు. వేడి కాపడం, వేడినీళ్ళు వద్దు. నూనెతో రుద్దడం, గుంజడం వద్దు. పరుగు, గెంతులు వద్దు. మద్యం వద్దు, అది వాపును పెంచుతుంది. అమ్మమ్మ నూనె, ఉప్పు మూట కాపడం చెడ్డవని మేము అనడం లేదు. వాపు తగ్గి, కండలు బిగుసుకుపోయినప్పుడు గోరువెచ్చని కాపడం హాయినిస్తుంది. వాటికి నాలుగో రోజు తర్వాతే చోటు. పసుపు, సున్నం కలిపి పట్టు వేసే అలవాటు ఉన్న ఇళ్ళవారు సున్నం ఎక్కువైతే చర్మం కాలుతుందని గుర్తుంచుకోవాలి. గీరుకుపోయిన చోట ఆ పట్టు వేయనే కూడదు.

పుత్తూరు కట్టు మాటేమిటి?

ఇప్పటి తిరుపతి జిల్లాలోని పుత్తూరు ఎముకల కట్టుకు తరాలుగా పేరు. తమిళనాడులో, కర్ణాటకలో ఎన్నో ఊళ్ళలో ఆ పేరుతో బోర్డులు కనిపిస్తాయి. మన పెద్దలకు దాని మీద నమ్మకం ఉండటం సహజం. తక్కువ ఖర్చు, దగ్గరలో దొరకడం, మన మాటలో మాట్లాడే మనిషి ఉండటం ఆ నమ్మకానికి కారణాలు.

అయితే ఎక్కడికి వెళ్ళాలనుకున్నా ముందు ఎక్స్‌రే తీయించి డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ ఆసుపత్రిలో దానికి పెద్దగా ఖర్చు కాదు. బోర్డు మీద పుత్తూరు పేరున్నంత మాత్రాన కట్టే మనిషి నేర్చుకున్నవాడని అర్థం కాదు. విరిగిన ఎముకను బెణుకనుకుని గుంజితే పక్కనున్న రక్తనాళం, నరం దెబ్బతింటాయి. వెదురు బద్దలతో బిగించి కట్టిన కట్టు, లోపల వాపు పెరిగేకొద్దీ రక్తప్రసారాన్ని ఆపేస్తుంది. కొన్ని గంటలు అలాగే ఉంటే కండ చచ్చిపోతుంది, కాలో చెయ్యో తీసేయాల్సిన పరిస్థితి కూడా రావచ్చు. కట్టు ఎవరు వేసినా, ఆసుపత్రి సిమెంటు కట్టయినా సరే, నొప్పి గంటగంటకూ పెరుగుతుంటే, వేళ్ళు కదిపితే భరించలేనంత బాధ ఉంటే, వేళ్ళు నీలంగా, చల్లగా, మొద్దుబారినట్టుగా ఉంటే తెల్లవారేదాకా ఆగకూడదు. అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్ళి కట్టు విప్పించుకోవాలి. పిల్లవాడు రాత్రంతా ఏడుస్తుంటే కొత్త కట్టుకు అలవాటు పడలేదని సరిపెట్టుకోవద్దు.

నొప్పి మాత్రలు, బామ్‌లు

మొదట ప్రయత్నించదగినది పైపూతే. డైక్లోఫెనాక్ జెల్‌ను చర్మం చిట్లని చోట, రుద్దకుండా పలుచగా రాసుకోవచ్చు. మాత్రలతో పోలిస్తే కడుపుకు ఇబ్బంది తక్కువ. అది చాలకపోతే పెద్దవారు పారాసెటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి గానీ రెండు గానీ వేసుకోవచ్చు. ఒక మోతాదుకు ఇంకో మోతాదుకు కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. అన్నీ కలిపి 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. కాలేయ జబ్బు ఉన్నవారు, మద్యం అలవాటున్నవారు డాక్టరునడిగే వేసుకోవాలి. పిల్లల మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి పెద్దల మాత్రను ముక్క చేసి ఇవ్వవద్దు.

ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలను షాపులో అడిగి తెచ్చుకునే అలవాటు మనలో ఎక్కువ. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు, రక్తం పలచబడే మందు వాడేవారు డాక్టరును అడగకుండా వీటిని వేసుకోకూడదు. వానాకాలంలో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ఒళ్ళునొప్పులతో పాటు జ్వరం ఉంటే అది ఆట వల్ల వచ్చిన నొప్పి కాకపోవచ్చు, డెంగీ కావచ్చు. డెంగీలో ఈ మాత్రలు రక్తస్రావానికి దారితీస్తాయి. జ్వరం ఉంటే పారాసెటమాల్‌తో సరిపెట్టి రక్తపరీక్ష చేయించుకోవాలి.

ఇక బామ్‌లు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. అలా సొంత ప్రాంతం దాటి వెళ్ళిన తెలుగువారి చేతి మీదుగా వచ్చిన మందు మన ఇళ్ళ గూళ్ళలో ఇప్పటికీ ఉంటుంది. మెంథాల్, కర్పూరం ఉండే బామ్‌లు చర్మం మీద చల్లదనమో వెచ్చదనమో పుట్టించి, నొప్పి మీది నుంచి ధ్యాస మళ్ళిస్తాయి. చిరిగిన లిగమెంట్‌ను అతికించవు. పలుచగా రాసుకుంటే తప్పు లేదు, గట్టిగా రుద్దడమే తప్పు. బామ్ రాసిన చోట వేడి కాపడం పెడితే చర్మం కాలుతుంది. కర్పూరం మింగితే పసిపిల్లలకు ఫిట్స్ రావచ్చు కాబట్టి డబ్బా వారికి అందకుండా పెట్టాలి.

నాలుగో రోజు నుంచి కదలిక

రుద్దడం ఎంత తప్పో, నెల రోజులు కదపకుండా ఉంచడం కూడా అంతే తప్పు. నొప్పి తగ్గుముఖం పట్టాక లిగమెంట్‌కు కొద్దికొద్దిగా పని చెబితేనే అది సరైన దిశలో గట్టిపడుతుంది.

మొదటి వ్యాయామం సులువు. కుర్చీలో కూర్చుని, కాలు కాస్త పైకెత్తి, బొటనవేలితో గాలిలో అక్షరాలు రాయాలి. ఇంగ్లీషు అక్షరాలు రాయమని చాలాచోట్ల చెబుతారు. మన అ, ఆ, ఇ, ఈ గుండ్రంగా ఉంటాయి కాబట్టి చీలమండ అన్ని వైపులా తిరగడానికి అవి ఇంకా బాగా పనికొస్తాయి. రోజుకు మూడుసార్లు అచ్చులన్నీ రాయిస్తే చాలు. తెలుగు బడి లేని ఊళ్ళలో పిల్లలకు అక్షరాలూ గుర్తుంటాయి.

తర్వాత గోడ పట్టుకుని మడమలు పైకెత్తి దించడం, పదిసార్లు. ఆ తర్వాత దెబ్బ తగిలిన కాలి మీద ఒంటికాలితో 30 సెకన్లు నిలబడటం. పళ్ళు తోముకునేటప్పుడు కూడా ఇది చేయవచ్చు. నిలకడ వచ్చాక కళ్ళు మూసుకుని ప్రయత్నించాలి, చేతికందే దూరంలో గోడ ఉండాలి. ఒకసారి బెణికిన చీలమండ మళ్ళీ బెణికే అవకాశం ఎక్కువ. లిగమెంట్‌తో పాటు, కాలు ఎటు ఒరుగుతుందో మెదడుకు తెలియజేసే గ్రహింపు కూడా దెబ్బతినడం దానికి ఒక కారణం. ఒంటికాలి సాధన ఆ గ్రహింపును తిరిగి తెస్తుంది. నొప్పి పోయినా ఆరు వారాలపాటు దీన్ని మానకండి.

తేలికపాటి బెణుకు ఒకటి నుంచి మూడు వారాల్లో, ఒక మోస్తరుది మూడు నుంచి ఆరు వారాల్లో సర్దుకుంటుంది. ఆటకు ఎప్పుడు తిరిగి వెళ్ళాలో తేదీని బట్టి నిర్ణయించవద్దు. కుంటకుండా వేగంగా నడవగలగాలి, ఒంటికాలితో పదిసార్లు గెంతగలగాలి, తిన్నగా పరుగెత్తి, మలుపు తిరిగి ఆగగలగాలి. ఇవన్నీ నొప్పి లేకుండా చేయగలిగిన రోజునే మైదానానికి వెళ్ళాలి.

మర్నాటి ఒళ్ళునొప్పులు, పిక్క పట్టడం

చాలా రోజుల తర్వాత ఆడినవారికి మర్నాడు, ఆ మర్నాడు తొడలు, భుజాలు నొప్పెడతాయి. ఇది లాక్టిక్ ఆమ్లం పేరుకోవడం వల్ల అనే మాట ప్రచారంలో ఉంది. ఆ ఆమ్లం ఆట ఆపిన గంట, రెండు గంటల్లోనే తగ్గిపోతుంది. అలవాటు లేని శ్రమకు కండ పోగుల్లో ఏర్పడే సూక్ష్మమైన చిట్లుళ్ళే ఈ నొప్పికి కారణం. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువై, వారంలోపు దానంతట అదే పోతుంది. నెమ్మదిగా నడవడం, గోరువెచ్చని నీళ్ళ స్నానం, మంచి నిద్ర చాలు. నూనె మర్దనకు సరైన చోటు ఇదే. ఇక్కడ అమ్మమ్మ చెప్పినట్టే చేయవచ్చు. అయితే భరించలేని కండల నొప్పితో పాటు మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. చితికిన కండ నుంచి వచ్చే పదార్థం కిడ్నీలను దెబ్బతీస్తుంది.

ఆట మధ్యలో పిక్క బిగుసుకుపోతే కాలు చాచి, పాదాన్ని మెల్లగా తనవైపుకు వంచి అర నిమిషం పట్టుకోవాలి. నీళ్ళో మజ్జిగో తాగి కాసేపు ఆగాలి. ఏ దెబ్బా లేకుండా ఒక్క పిక్కే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే మాత్రం అది రక్తం గడ్డ కావచ్చు, రుద్దకూడదు. దానితో ఆయాసం కూడా వస్తే 108కి ఫోన్ చేయాలి.

ఆసుపత్రిలో ఏ మాట చెప్పాలి?

ఇంటి మాట ఒకటి, ఆసుపత్రి మాట ఇంకొకటి అయిన మనకు ఇది ముఖ్యం. బెణుకును తమిళంలో సుళుక్కు అంటారు, కన్నడంలో ఉళుకు. మరాఠీలో పాయ్ మురగళలా అనీ, ఒడియాలో గోడ మకచిగలా అనీ చెబితే అర్థమవుతుంది. వాపు తమిళంలో వీక్కం, కన్నడంలో ఊత, మరాఠీలో సూజ్.

ఒక్క మాట విషయంలో జాగ్రత్త పడాలి. కండ పట్టినా, లిగమెంట్ సాగినా, రక్తనాళం ఉబ్బినా మన పెద్దలు "నరం పట్టింది" అనే అంటారు. దాన్ని అలాగే పక్క భాషలోకి మార్చి చెబితే డాక్టరు వేరే జబ్బు అనుకోవచ్చు. జబ్బు పేరుకు బదులు జరిగింది చెప్పండి. పాదం ఎటు మడతపడింది, 'టప్' మని శబ్దం వచ్చిందా, నాలుగు అడుగులు వేయగలిగారా, సలుపా, పోటా, తిమ్మిరా, ఇంట్లో ఏం రాశారు, ఏ మాత్ర వేశారు. పెద్దవారిని తీసుకువెళ్ళేటప్పుడు ఈ సంగతులు ఒక చీటీ మీద రాసుకుంటే మంచిది.

కాలు వంకర తిరిగినా, ఎముక బయటికి కనిపించినా, పాదం చల్లబడి మొద్దుబారినా, కీలు జారినట్టు అనిపించినా ఇంటి వైద్యం వద్దు. ఉన్నది ఉన్నట్టుగా అట్టముక్కతోనో కర్రతోనో వదులుగా ఆసరా కట్టి తీసుకువెళ్ళండి. చిన్న బెణుకే అనుకున్నది ఐదారు రోజులైనా తగ్గుముఖం పట్టకపోతే డాక్టరుకు చూపించండి. మిగతావాటికి మన ఇంట్లో ఉన్నవే చాలు. రెండు దిండ్లు, కాసిని ఐస్ ముక్కలు, ఒక క్రేప్ బ్యాండేజీ సిద్ధంగా ఉంచుకోండి. నూనె సీసాను మాత్రం మూడు రోజులు గూట్లోనే ఉండనివ్వండి.